సర్వరమ్మ వేసిన మూడు ఏడులు

ఆమె ఉద్యోగానికి కాగితం మీద చాంతాడంత పేరుంది కానీ, ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళెవరూ లేరు. కార్ఖానాలో అందరికీ ఆమె సర్వరమ్మ. మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్నారు, అది అలాగే అతుక్కుపోయింది. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుంటారు. ఆమె కూడా ఫోనెత్తి "సర్వరమ్మని మాట్లాడుతున్నా" అంటుంది.

అది కృత్రిమ కాళ్ళు తయారుచేసే కార్ఖానా. పెద్దదేం కాదు. ఒకే వరండాలోకి తెరుచుకునే మూడు గదులు, వెనకాల ప్లాస్టిక్ వేడిచేసే షెడ్డు, ముందువైపు కొలతలకు వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీలు. మొదటి గదిలో ఆమె వదిన, మూడో గదిలో ఆమె అన్నయ్య. మధ్య గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. ఇప్పుడు అందులో రెండు గదుల ఫైళ్ళనూ దాచుకుని పొద్దస్తమానం గుంయ్‌మనే సర్వర్, దాని ముందు సర్వరమ్మ.

వదిన ఇరవై ఆరేళ్ళుగా కాళ్ళ కొలతలు తీస్తోంది. అందులో పదిహేడేళ్ళు ప్లాస్టర్‌తోనే గడిచాయి. తడి గుడ్డ చుట్టి, అది ఆరేదాకా మనిషితో కబుర్లు చెప్పి, అచ్చు ఊడదీసి, చేత్తో నునుపు చేసేది. ఆమె వేళ్ళ గోళ్ళ కింద తెల్లటి గీత పోవడానికి ఏడాది పట్టిందని ఇంట్లో చెప్పుకుంటారు. తర్వాత కెమెరా వచ్చింది. మిగిలిన కాలి చుట్టూ దాన్ని ఒకసారి తిప్పితే ఆ ఆకారం కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. వదిన దాన్ని మౌసుతో నునుపు చేస్తుంది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్.

అన్నయ్య గదిలో చెక్కే మెషిన్ ఉంది. తెర మీది ఆకారాన్ని అది నురుగు దిమ్మలోంచి చెక్కి తీస్తుంది. దాని మీద వేడి ప్లాస్టిక్ సాగదీసి కప్పితే సాకెట్ తయారవుతుంది, అంటే మిగిలిన కాలు ఇమిడే గిన్నె లాంటి భాగం. కాలి కన్నా సాకెట్ రవ్వంత బిగుతుగా ఉండాలి, లేకపోతే నడుస్తుంటే జారిపోతుంది. అందుకని అన్నయ్య వదిన పంపిన ఆకారాన్ని చుట్టూరా కాస్త తగ్గించి, ఆ తర్వాతే చెక్కుతాడు. ఆ మెషిన్‌ను నడిపే కంప్యూటర్ విండోస్ కాదు, యూనిక్స్ అనే వేరే కుటుంబానికి చెందింది. దాన్ని అమర్చినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, వాళ్ళు పెట్టిన పద్ధతులు మాత్రం మిగిలాయి.

ఇంట్లో వాళ్ళిద్దరికీ పేచీలంటూ పెద్దగా లేవు. పేచీ అంతా వాళ్ళ ఫైళ్ళకే. వదిన దాచిన ఫైలును అన్నయ్య చూడగలడు కానీ మార్చలేడు. అన్నయ్య దాచిన ఫైలైతే వదినకు కనీసం తెరవడానికి కూడా వీల్లేదు. తగ్గించిన ఆకారాన్ని చెక్కే ముందు వదిన ఒకసారి చూడాలన్నది కార్ఖానా నియమం. కాబట్టి ప్రతి కాలికీ ఎవరో ఒకరు మధ్య గది తలుపు తట్టాల్సిందే.

"మీ అన్నయ్య మళ్ళీ తాళం వేసి కూర్చున్నారు, కాస్త తీసిపెట్టు" అని వదిన. "అమ్మాయ్, మీ వదిన సరిచేసింది నన్ను ముట్టుకోనివ్వడం లేదు" అని అన్నయ్య. రోజుకు పదీ పన్నెండు సార్లు. సర్వరమ్మ చేస్తున్న పని ఆపి, ఆ ఒక్క ఫైలుకు అనుమతి మార్చి, మళ్ళీ తన పనిలో పడేది. ఆరేళ్ళు ఇదే వరస. ఆమెకు విసుగొచ్చిన మాట నిజం. కానీ ఒక గది అవతల ఉన్న మొగుడికో పెళ్ళానికో చెప్పాల్సిన మాట మధ్యలో తన చెవిన పడటం ఆమెకు సరదాగా కూడా ఉండేది. వదిన ఫైలు సంగతి చెప్పి, పనిలో పనిగా "మందు వేసుకున్నారేమో అడుగు" అనేది. అన్నయ్య తన ఫైలు తెరిపించుకుని, "పొద్దున్నుంచీ నిలబడే ఉంది, కాసేపు కూచోమని చెప్పు" అనేవాడు.

ఇంతలో సర్వరమ్మ భర్తకు కంటి ఆపరేషన్ రోజు వచ్చింది. శుక్లం తీయించాలి, రెండు రోజులు పక్కన ఉండాలి. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫైళ్ళ తాళాలు తీయడం తన వల్ల కాదనుకుంది. ముందురోజు సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఒక పని చేసింది. యూనిక్స్‌లో అనుమతులకు మూడు అంకెలుంటాయి. మొదటిది ఫైలు చేసినవాళ్ళకు, రెండోది వాళ్ళ గుంపుకు, మూడోది లోకంలో మిగిలిన అందరికీ. ఏడు అంటే అన్నీ చేయొచ్చని. ఆమె మొత్తానికీ మూడు ఏడులు పెట్టేసింది. అప్పటికి ఉన్న ఫైళ్ళకే కాదు, అక్కడితో ఆగితే మర్నాడు పుట్టే ఫైలు మళ్ళీ పాత తాళంతోనే పుడుతుంది. అందుకని ఇక మీద ఏ గదిలో ఏ ఫైలు పుట్టినా పుట్టుకతోనే మూడు ఏడులుండేట్టు సర్వర్‌కూ మెషిన్‌కూ చెప్పింది. రెండు రోజుల ముచ్చటే కదా, వచ్చాక సరిచేద్దాంలే అనుకుంది.

ఆసుపత్రిలో ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. భర్త కంటికి కట్టుతో పడుకుని "నీ ఉద్యోగం ఊడిందేమో కనుక్కో" అన్నాడు. ఆమె నవ్వింది. తిరిగొచ్చాక కూడా తలుపు ఎవరూ తట్టలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఒక పని మొదలుపెట్టి మధ్యలో లేవకుండా పూర్తిచేసింది. ఆ నిశ్శబ్దం ఎంత రుచించిందంటే, రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అనుకుంటూ మూడు వారాలు గడిపేసింది.

ఆ మూడు వారాల్లోనే దర్జీ ఆవిడ కాలు పని జరిగింది.

దర్జీ ఆవిడకు యాభై దాటాయి. ఎనిమిదేళ్ళ క్రితం రోడ్డు దాటుతుంటే లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పాత సాకెట్ అరిగి వదులైపోతే కొత్తదానికి వచ్చింది. వదిన కొలత తీస్తుంటే ఆవిడ కళ్ళు టేపు మీదనే ఉన్నాయి. "నేనూ కొలతల మీద బతికేదాన్నేనమ్మా. నా దగ్గర బిగుతైతే కుట్టు విప్పి వదులు చేస్తాను. ఇది విప్పేది కాదుగా, అందుకని ముందే జాగ్రత్త పడమంటున్నా" అంది. వదిన నవ్వి, తన ఇరవై ఆరేళ్ళ గురించి చెప్పింది. ఈ చేతుల మీదుగా వెళ్ళిన కాలు ఏదీ బిగుతని తిరిగి రాలేదని కూడా చెప్పింది. అది గొప్పకు చెప్పింది కాదు, నిజమే.

సాకెట్ తొడిగి చూసే రోజున దర్జీ ఆవిడ లేచి నిలబడింది. రెండడుగులు వేసేసరికి ముఖం ముడుచుకుపోయింది. మూడో అడుగు వేయలేక గోడ పట్టుకుంది. తీసి చూస్తే కాలి చుట్టూ ఎర్రగా ఒత్తుడు పడింది. వదిన ఆ ఎర్రటి చోట చల్లటి గుడ్డ పెట్టి కూర్చుంది. దర్జీ ఆవిడే "పోనీలెండమ్మా" అని, పాత సాకెట్‌కే లోపల రెండు మేజోళ్ళు వేసుకుని వెళ్ళిపోయింది.

వదిన తన పుస్తకం తీసింది. కెమెరా వచ్చినా ఆమె రెండుచోట్ల టేపుతో కొలిచి రాసుకోవడం మానలేదు. ఆ అంకెల్ని తెర మీది ఆకారంతో పోల్చింది. పొసగలేదు. ఆకారం ఉండాల్సినదాని కన్నా సన్నగా ఉంది. అదీ తను స్వయంగా దాచిన మూలం ఫైలు. అన్నయ్య తగ్గించుకునేది వేరే ఫోల్డర్లో ఉంటుంది కాబట్టి, తప్పు తన కొలతలోనే జరిగిందని ఆమె తేల్చుకుంది. అన్నయ్యేమో తన మెషిన్ కట్టర్ సరిగ్గా కూర్చోలేదేమోనని దాన్ని మూడుసార్లు విప్పి బిగించాడు. తప్పు తనదేనని ఎవరికి వాళ్ళు అనుకుని, ఇద్దరూ నోరు మూసుకుని పనిచేసుకుంటున్నారు. ఇంట్లోనూ అంతేనట. ఎప్పుడూ టీవీ ముందు వాదించుకునే మనుషులు రెండు రోజులుగా "కూర వేయనా", "చాలు" తప్ప మాట్లాడుకోలేదని వాళ్ళ కూతురు ఫోన్ చేసి సర్వరమ్మతో చెప్పింది.

మూడో రోజు వదిన మధ్య గదికి వచ్చి, ఎదురుగా కూర్చుని, కెమెరా పని ఇంకెవరికైనా నేర్పించమని అడిగింది. తను వెనక షెడ్డులో ప్లాస్టిక్ పని చూసుకుంటానంది. కళ్ళు తగ్గాయో, చేతులు తగ్గాయో తెలియడం లేదంది. కోపంగా కాదు, సెలవు చీటీ ఇచ్చినంత మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది.

సర్వరమ్మకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. వదిన చేతులు ఆమెకు తెలుసు. ఆ ఇంటికి వదిన వచ్చేనాటికి తనకు పదమూడేళ్ళు. తల దువ్వి చిక్కు తీస్తే ఒక్క వెంట్రుక కూడా చుర్రుమనేది కాదు. ఆ చేతులు తప్పు కొలిచాయంటే నమ్మబుద్ధి కాక, దర్జీ ఆవిడ ఫైలు వెతికి దాని వివరాలు తెరిచింది.

ఫైలు పుట్టింది ఉదయం పదీ ఇరవైకి, వదిన పేరు మీద. ఆఖరున మార్చింది అదేరోజు మధ్యాహ్నం మూడూ నలభైకి, మెషిన్ పేరు మీద.

ఆమె ఆ రెండు వరసల్నీ నాలుగుసార్లు చదివింది. తర్వాత అన్నయ్య గదికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా, ఆకారం తగ్గించి ఎలా దాచుతాడో ఒకసారి చేసి చూపించమంది. అన్నయ్య చేసి చూపించాడు. దాచు అని నొక్కగానే అయిపోయింది. ఇంతకుముందు ఏమయ్యేదని అడిగితే, అప్పుడు తెర మీద ఏదో డబ్బా వచ్చి వేరే పేరు అడిగేదనీ, చెక్కుడు ఫోల్డర్ చూపించి సరే కొట్టేవాణ్ణనీ, ఈమధ్య అడగడం మానేసిందనీ చెప్పాడు. బాగుపడిందనుకున్నాడట.

సంగతి ఆమెకు పూర్తిగా అర్థమైంది. మెషిన్ ఎప్పుడూ తెరిచిన ఫైలు మీదే దాచబోయేది. వదిన ఫైలును ముట్టుకునే అనుమతి లేదు కాబట్టి కుదరక, వేరే చోటు అడిగేది. తను మూడు ఏడులు పెట్టాక అడ్డు లేదు, అడగడమూ లేదు. తగ్గించిన ఆకారం నేరుగా మూలం మీదే పడింది. ఆ రోజు కట్టర్ విరిగి చెక్కడం మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు అన్నయ్య అలవాటుగా మూలం తెరిచి మొదటినుంచి తగ్గించి, తొందరలో దాచకుండానే చెక్కేశాడు. అప్పటికే తగ్గిన దాన్ని మళ్ళీ తగ్గించాడన్నమాట. మిగతా కాళ్ళు ఏ రోజువి ఆ రోజే చెక్కడంతో ఈ గండం తప్పించుకున్నాయి. ఫైళ్ళకు నకలు తీసి దాచే పని రోజూ సాయంత్రం ఆరింటికి జరుగుతుంది. అప్పటికే మూలం పోయింది కాబట్టి నకలు కూడా తగ్గినదే.

అన్నిటికన్నా బాధించింది ఇంకొకటి. చెక్కే ముందు వదిన చూడాలనే నియమం ఏమైంది? ఆ రోజు వదిన దగ్గర కొలతలకు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. పూర్వమైతే ఫైలు తెరవడానికి తనను పిలవాలి కాబట్టి, చూడాల్సింది ఒకటుందని వదినకు గుర్తుండేది. అందరికీ అన్నీ తెరిచేశాక ఎవరూ ఎవరినీ పిలవలేదు.

టీ తాగే వేళకు ఇద్దర్నీ మధ్య గదికి రమ్మంది. వదిన స్టూలు మీద, అన్నయ్య తలుపుకు ఆనుకుని. సర్వరమ్మ వాళ్ళ వైపు కాకుండా నేల వైపు చూస్తూ మొత్తం చెప్పింది. తన సుఖానికి తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టి, మూడు వారాలు మూయకుండా వదిలేశానంది. వదిన కొలత సరైనదే, అన్నయ్య చేసిందీ రోజూ చేసేదే, తప్పు తనదంది.

వదిన టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఈ మూడు రోజులూ రోజుకోసారి గ్లాసు నిండా నీళ్ళు పోసి పట్టుకుని చూసుకున్నాను" అంది వదిన. "చెయ్యి వణుకుతోందేమోనని."

"వదినా, నేను..."

"వణకలేదులే. అయినా నమ్మలేదు నన్ను నేను." వదిన గ్లాసు కింద పెట్టింది. "నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు."

"సరే. ముందు ఆ దర్జీ ఆవిడకి ఫోన్ చెయ్యి. తిట్టేది తర్వాత తిడతాను, తొందరేం లేదు."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. డబ్బా వచ్చి అడిగినన్నాళ్ళూ తను దాన్ని చదవకుండానే సరే కొట్టానని, అడగడం మానేసినప్పుడైనా ఎందుకని అనుకోలేదని, కాబట్టి తిట్లలో తనకూ కొంత వాటా ఉండాలని అన్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి వదిన ఆయన వైపు నేరుగా చూసి, "మీ వాటా ఇంటి దగ్గర" అంది.

దర్జీ ఆవిడ మర్నాడే వచ్చింది. సర్వరమ్మ తనే బెంచీ దగ్గరికి వెళ్ళి, కొలత పోగొట్టింది తనేనని చెప్పి క్షమించమంది. ఆవిడ ఆమెను ఎగాదిగా చూసి, ఎలా పోయిందని అడిగింది. అందరికీ ఒకే అనుమతి పెట్టేశానని వీలైనంత తేలికగా చెప్పింది సర్వరమ్మ.

"నేను కుట్టుపనికి కొత్తలో ఒక బడి యూనిఫారాలు ఒప్పుకున్నాను" అంది దర్జీ ఆవిడ. "నలభై మంది. ఒక్కొక్కర్నీ ఎక్కడ కొలుస్తాంలే అని తరగతిలో మధ్యరకం పిల్లని కొలిచి నలభై కత్తిరించాను. ఒక్కరోజులో అయిపోయింది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నా."

"తర్వాత?"

"ముప్పై ఏడు తిరిగొచ్చాయి. ఆ మూడు వేసుకున్న పిల్లల్ని ఇప్పటికీ మర్చిపోలేను." ఆవిడ చెయ్యి చాచింది, లేపమని. "పదండి, కొలిపించండి. ఈసారి మీరు కూడా దగ్గరుండి చూడండి."

సర్వరమ్మ దగ్గరుండి చూసింది. ఆరేళ్ళుగా పక్క గదిలో ఉంటూ కూడా కొలత మొదటినుంచి చివరిదాకా ఆమె చూడటం అదే మొదలు. అనుమతులు ఇవ్వడమే తప్ప, ఎవరికి ఏది ఎందుకు కావాలో ఆమె ఏనాడూ అడగలేదు. ఆ రోజంతా వదిన పక్కన, మర్నాడంతా అన్నయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ ఫైలు ఎవరు పుట్టిస్తారు, ఎవరు చూస్తారు, ఎవరు మారుస్తారు అని ఒక కాగితం మీద రాసుకుంది.

ఆ కూర్చోవడంలోనే ఇంకో సంగతి బయటపడింది. వదిన ఆకారాన్ని నునుపు చేశాక చివర్న చుట్టూరా ఒక మిల్లీమీటర్ పెంచింది. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి, "మీ అన్నయ్య రెండు తగ్గిస్తారు. ఒకటి చాలు. చెబితే నొచ్చుకుంటారని నేనే ఒకటి పెంచి పంపుతాను" అంది. మర్నాడు అన్నయ్య రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తుంటే ఎందుకు రెండని అడిగింది. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, "నిజానికి ఒకటి చాలమ్మాయ్. మీ వదిన ఎప్పుడూ ఒకటి ఎక్కువ వేస్తుంది. పాపం ఎత్తిచూపడం ఎందుకని నేనే సర్దేస్తున్నా" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఒకరి ఫైలు ఒకరు నేరుగా తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకున్నదే లేదు వాళ్ళు. సర్వరమ్మకు నవ్వాగలేదు. అన్నయ్య మెషిన్ ఆపి ఎందుకు నవ్వుతున్నావని అడిగినా చెప్పలేదు. పని పూర్తయ్యాక ఇద్దరికీ ఒకేసారి చెప్పాలని దాచుకుంది.

తర్వాత రెండు రోజులు అసలు పని. విండోస్‌లో కొత్త ఫైలు ఏ ఫోల్డర్లో పుడితే ఆ ఫోల్డర్ పద్ధతులే తెచ్చుకుంటుంది. యూనిక్స్‌లో అలా కాదు, అక్కడ పుట్టించినవాళ్ళను చూస్తారు. పుట్టించినవాళ్ళ పేరు మీద ముందే ఒక అంకె రాసి ఉంటుంది, కొత్త ఫైలుకు ఏమేం ఇవ్వకూడదో చెప్పే అంకె. దాన్ని యుమాస్క్ అంటారు. అన్నయ్య మెషిన్‌లో ఆ అంకెను అమర్చినవాళ్ళు, చేసినవాడు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదన్నంత గట్టిగా పెట్టి పోయారు. వదిన వైపునుంచి వచ్చే ఫైళ్ళకు సర్వరే ఒక అంకె వేసేది, మిగతావాళ్ళు చూడొచ్చు, మార్చకూడదని.

ఆమె ముందు మూడు ఏడుల్ని తీసేసింది. కాళ్ళ పనివాళ్ళందర్నీ ఒక గుంపుగా చేసింది. చెక్కుడు ఫోల్డర్లో ఎవరు ఏ ఫైలు పెట్టినా అది ఆ గుంపు పేరుమీదే ఉండేట్టు, గుంపులో అందరూ చూడగలిగి, మార్చగలిగేట్టు, గుంపు బయటివాళ్ళకు ఏమీ లేకుండా పెట్టింది. విండోస్ నుంచి వచ్చినా, మెషిన్ నుంచి వచ్చినా ఒకటే పద్ధతి. మూలాలున్న ఫోల్డర్ మాత్రం వేరు. అక్కడ కొలత తీసినవాళ్ళు రాస్తారు, మిగతావాళ్ళు చూస్తారు, అంతే. మెషిన్ మొదటినుంచే చెక్కుడు ఫోల్డర్లో దాచేట్టు మార్చింది.

ఇవన్నీ చేసి, నమ్మకం కుదరక, ఇద్దర్నీ పిలిచి చెరొక కొత్త ఫైలు పుట్టించమంది. వదిన ఒకటి చేసింది. అన్నయ్య దాన్ని తెరిచి మార్చి దాచాడు. వదిన మళ్ళీ తెరిచి మార్చింది. తర్వాత అన్నయ్యను మూలం మీద దాచమంటే కుదరలేదు. ఆయనకు అంతకుముందెప్పుడూ కుదరకపోవడంలో ఇంత సంతోషం కలగలేదు.

"ఇక నన్ను పిలిచే పని లేదు. కాబట్టి చెక్కే ముందు అన్నయ్యే లేచి నీ గదికొచ్చి చెప్పాలి, చూడమని. ఫైలు తెరుచుకుంటుంది కానీ, మనిషికి గుర్తుచేయదది" అంది సర్వరమ్మ.

"అంతదూరం నడవాలా" అన్నాడు అన్నయ్య.

"కాళ్ళ కార్ఖానాలో ఉన్నారు, నడవకపోతే ఎలా" అంది వదిన.

అప్పుడు సర్వరమ్మ దర్జీ ఆవిడ ఫైళ్ళు రెండూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి, ఆ ఒక మిల్లీమీటర్ కథ బయటపెట్టింది. ఇద్దరూ తెర వైపు చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. వదిన ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అన్నయ్యకు అంటుకుంది. తొమ్మిదేళ్ళు, కొన్ని వందల కాళ్ళు. ఆమె పెంచడం, ఆయన తగ్గించడం. వెనక షెడ్డులోంచి మనుషులు వచ్చి ఏమైందని అడిగినా ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆ రోజునుంచి వదిన పెంచడం మానేసింది, అన్నయ్య ఒకటే తగ్గిస్తున్నాడు. ఊరికే జరగలేదది. రెండో రోజే మర్చిపోయి ఆయన రెండు తగ్గించాడు. కానీ చూడమని వదిన గదికి వెళ్ళాడు కాబట్టి అక్కడే దొరికిపోయాడు.

దర్జీ ఆవిడ కొత్త సాకెట్ తొడుక్కుని వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. తిరిగి నడిచింది. మూడోసారి చేతికర్ర బెంచీ మీద పెట్టి నడిచింది. ముగ్గురూ మూడు తలుపుల దగ్గర నిలబడ్డారు. ఆవిడ ఆగి, మోకాలి దగ్గర వేలు దూర్చి చూసుకుని, దర్జీలు చంక దగ్గర చూసుకున్నట్టు అటూ ఇటూ లాగి, తలూపింది. మెచ్చుకోలుగా ఏమీ అనలేదు. మడమ మాత్రం అర అంగుళం దించితే కుట్టుమిషన్ తొక్కడానికి బాగుంటుందంది. దించడానికి కుదరదని అన్నయ్య, కుదురుతుందని వదిన అక్కడే వాదన మొదలుపెట్టారు. సర్వరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చివరికి మడమ దించడం కుదిరింది.

నెల తర్వాత కొలతలు తీయడానికి ఇంకొక ఆవిడ కొత్తగా చేరింది. నెమ్మదైన మనిషి, గొంతు బయటికి వచ్చేది కాదు. మొదటి రోజు ఒక పెద్దాయన కాలు కొలిచి, ఆకారం నునుపు చేసి, దాచింది. సర్వరమ్మ ఎవరికీ చెప్పకుండా తన తెర మీద చూస్తూ కూర్చుంది. ఫైలు పుట్టింది. గుంపు సరిగ్గా ఉంది, అనుమతులు సరిగ్గా ఉన్నాయి. కాసేపటికి అన్నయ్య తెరిచి, తగ్గించి, చెక్కుడు ఫోల్డర్లో దాచాడు. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వదిన గది వైపు వెళ్ళింది. కొత్తావిడ తన ఫైలు అవతలివాళ్ళకు తెరుచుకుంటుందా, లేదా అని ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండదు. అలా ఆలోచించాల్సి వస్తుందని ఆమెకు తెలియదు కూడా.

ఈ విషయం ఎవరికి చెప్పుకోవాలో తెలియక సర్వరమ్మ లేచి వదిన గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. లోపల మొగుడూ పెళ్ళాం, కొత్తావిడ, ముగ్గురూ తెర మీదికి వంగి ఉన్నారు. వదిన తల తిప్పి, ఏం కావాలని అడిగింది.

"ఏం లేదు. ఊరికే వచ్చాను."

వదిన ఆమెను ఒకసారి పరకాయించి చూసింది. తర్వాత కాలితో స్టూలు ఇవతలికి జరిపి, "ఊరికే అయితే కూచో. మీ అన్నయ్య ఈ పెద్దాయనకి అరమిల్లీమీటర్ చాలంటున్నారు, నువ్వే చెప్పు" అంది.

సర్వరమ్మకు మిల్లీమీటర్ల గురించి ఏమీ తెలియదు. అయినా కూర్చుని, వదిన పక్షం పట్టింది.